చేర్యాల పటం నుంచి ప్లాన్ గీయాలంటే
వరంగల్‌లో ఆర్కిటెక్చర్ చదివే పిల్లలకు ఒక మాట. కథ మీద బిల్డింగ్ డిజైన్ చేయమంటే చేర్యాల బొమ్మలను గోడకెక్కించి ఆపేయకండి. పటం కథను ఎలా చెప్తుందో ముందు చూడండి. చేర్యాలలో నకాషీ కళాకారులు గీసే ఈ పటం, కథను బొమ్మలుగా వేసిన పొడవాటి గుడ్డ. కథ అడ్డ వరుసలుగా నడుస్తుంది, కథకుడు విప్పిన కొద్దీ తర్వాతి ఘట్టం కనపడుతుంది. మీ గదులనూ అదే వరుసలో పెట్టి, తర్వాతి గది ముందే కనపడకుండా దారిని ఒక మలుపు తిప్పండి. వరుసల మధ్య అంచు వచ్చే చోట గడపో, చిన్న వసారానో పెట్టొచ్చు. పటంలో ముఖ్యమైన పాత్ర పెద్దగా ఉంటుంది కదా, ఎత్తైన కప్పు కూడా ముఖ్య ఘట్టానికే ఇవ్వండి. పటం వెనక కనపడే ఎరుపు రంగు తర్వాతి సంగతి. సమ్మక్క కథ తీసుకుంటే జాతరలో అమ్మవారు చిలకలగుట్ట నుంచి మేడారం గద్దె దాకా వచ్చే వరుస ఉండనే ఉంది, మొదట దాన్నే సెక్షన్‌గా, అంటే బిల్డింగ్‌ను నిలువుగా కోస్తే కనపడే బొమ్మగా, గీసి చూడండి.