ముత్తాత ఇల్లు వెతకాలంటే ముందు పాత డోర్ నంబరు పట్టుకోండి

చెన్నైలో మన పాతతరం ఎక్కడుండేవారో వెతికేవాళ్లు నేరుగా పేరుతో మొదలుపెడతారు. నేనూ అలాగే రెండు నెలలు పోగొట్టుకున్నాను. చివరికి దారి చూపింది అమ్మమ్మ ట్రంకు పెట్టెలోని ఒక పోస్టుకార్డు. దాని మీద డోర్ నంబరు, చైనా బజార్ రోడ్డు అని ఉంది. ఆ రోడ్డే ఇప్పటి ఎన్.ఎస్.సి. బోస్ రోడ్డు. కాబట్టి కార్డులు, పెళ్లి శుభలేఖలు, పాత రసీదులు పారేయకండి.

అడ్రసు దొరికాక ఎగ్మూరులోని కన్నెమరా లైబ్రరీకో, తమిళనాడు ఆర్కైవ్స్‌కో వెళ్లి అసైలమ్ ప్రెస్ అనే అచ్చుకూటం వాళ్ల పాత మద్రాసు డైరెక్టరీలు, అంటే ఊళ్లోవాళ్ల పేర్లు, అడ్రసులు ఉండే పుస్తకాలు అడగండి. వ్యాపారులు, వకీళ్లు, ఉద్యోగులే ఎక్కువగా కనిపిస్తారు. మామూలు కుటుంబాలు తక్కువ, ఆడవాళ్ల పేర్లయితే మరీ అరుదు.

పేరు ఇంగ్లీషు స్పెల్లింగులో బోలెడు తేడాలుంటాయి. నాయుడు చివర ఒకచోట యు, ఇంకోచోట రెండు ఓలు. చెట్టి చివర ఒకచోట వై, ఇంకోచోట ఐ. అన్నీ వెతకాలి, విసుగే మరి! డోర్ నంబర్లూ మారాయి. ఇప్పటికీ చాలా గుమ్మాల మీద పాతది, కొత్తది రెండూ రాసి ఉంటాయి. డైరెక్టరీలో దొరికిన నంబరును ఇప్పటి కొత్త నంబరు అనుకుని వెళ్తే వేరేవాళ్ల తలుపు తడతారు.

సొంత ఇల్లయితే ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా) తీయండి. 1975 నుంచి ఉన్నవి రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లో చూడొచ్చు. అంతకుముందువి కావాలంటే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో అర్జీ పెట్టాలి.