హాంకాంగ్ చిన్న షాపులో వాంటన్ నూడుల్స్ ఎలా తినాలి?

హాంకాంగ్‌లో షామ్ షుయ్ పో లాంటి పాత పేటల్లో నడుస్తుంటే అద్దం వెనకాల పొయ్యి, పొగలు కక్కే పెద్ద గిన్నెలు, లోపల నాలుగు టేబుళ్లున్న నూడుల్స్ షాపులు కనిపిస్తాయి. మన ఫాస్ట్‌ఫుడ్ బండి మీద సోయా సాస్ పోసి వేయించే నూడుల్స్‌తో వీటికి పోలికే లేదు. ఇక్కడ ఒకటే రూలు: ఆలస్యం చేయకూడదు.

1. ఖాళీ కుర్చీ ఉంటే కూర్చోండి. ఎదురుగా ముక్కూ మొహం తెలియనివాళ్లు తింటున్నా మొహమాటం వద్దు, అక్కడ అది మామూలే. చాలాచోట్ల ముందు వేడి టీ పెడతారు. కొందరు దాంతోనే చాప్‌స్టిక్స్, చెంచా కడుక్కుంటారు. మీరు తాగేసినా తప్పులేదు.

2. మొదటిసారైతే వాంటన్ నూడుల్స్, పక్కన ఆయిస్టర్ సాస్ వేసిన ఆకుకూర చెప్పండి. వాంటన్లంటే పల్చటి పిండి రేకులో చుట్టి ఉడికించిన చిన్న ముద్దలు. వాటిలో రొయ్యలతో పాటు సాధారణంగా పంది మాంసం కూడా ఉంటుంది. సూప్ ఎండుచేప, పంది ఎముకలతో కాస్తారు, నూడుల్స్‌లో గుడ్డు ఉంటుంది. కాబట్టి శాకాహారులకు ఇది కుదరదు. బ్రిస్కెట్ అని రాసి ఉంటే గొడ్డు మాంసం.

3. గిన్నె చిన్నదే వస్తుంది. అడుగున చెంచా, దానిమీద వాంటన్లు, ఆపైన నూడుల్స్, వాటిమీద ఎండ తగలకుండా పెంచిన పసుపుపచ్చ చైవ్స్ (ఉల్లి జాతి) ఆకులు. నూడుల్స్ సూప్‌లో మునిగి నానిపోకుండా ఈ ఏర్పాటు. పిండిని బాతుగుడ్లు, క్షారపు నీళ్లతో కలుపుతారు. పాతకాలపు పద్ధతిలో అయితే లావుపాటి వెదురు బొంగు మీద ఒక మనిషి కూర్చుని, ఎగిరెగిరి పడుతూ పిండిని అదుముతాడు. అందుకే దారంలా సన్నగా ఉన్నా పంటి కింద గట్టిగా తగులుతాయి. వేడినీళ్లలో కొన్ని సెకన్లే ఉంచి, చన్నీళ్లలో ముంచి, మళ్లీ వేడినీళ్లు చూపించి తీస్తారు. చన్నీళ్లతో క్షారం వాసన పోతుంది.

4. ఫొటో ఒక్కటి చాలు. ఏమీ కలపకుండా ముందు ఒక చెంచా సూప్ తాగండి, ఎండుచేప రుచి అప్పుడే తెలుస్తుంది. తర్వాత గిన్నె మీదికి వంగి నూడుల్స్ జుర్రుకోండి. చప్పుడైతే ఎవరూ తిరిగి చూడరు. వాంటన్లకు తొందర లేదు, నూడుల్స్ మాత్రం నిమిషాల్లో మెత్తబడతాయి. ఆవకాయ అలవాటున్న నోటికి చప్పగా అనిపించినా కారం నూనె సూప్‌లో ఒంపేయకండి. చెంచాలో కొంచెం వేసుకుని వాంటన్ అద్దుకుంటే రెండు రుచులూ దక్కుతాయి. ఎర్ర వెనిగర్ ఉంటే, సగం తిన్నాక నూడుల్స్ మీద నాలుగు చుక్కలు వేసి చూడండి.

5. నిదానంగా తినే అలవాటుంటే లో మీన్ అడగండి. సూప్ పోయని నూడుల్స్ మీద కొన్నిచోట్ల రొయ్యల గుడ్ల పొడి కూడా చల్లి, సూప్ వేరే గిన్నెలో ఇస్తారు. నా ఓటు దీనికే.

6. తిన్నాక కబుర్లు పెట్టుకోకండి, మీ కుర్చీ కోసం గుమ్మంలో ఎవరో నిలబడి ఉంటారు. బిల్లు చాలాచోట్ల వెళ్తూ కౌంటర్ దగ్గర కట్టాలి. చిన్న షాపుల్లో కార్డు తీసుకోకపోవచ్చు, నగదు దగ్గర పెట్టుకోండి.