శాఖల పాలిమర్ రీడింగులు తప్పుతున్నాయా? ముందు నీళ్లను చూడండి

వరంగల్, హనుమకొండ కాలేజీల్లో శాఖల పాలిమర్లను (కొమ్మలు చీలిన పెద్ద అణువులను) నీళ్లలో కరిగించి స్నిగ్ధత (ద్రవం చిక్కదనం), కణాల సైజు కొలిచే ఎమ్మెస్సీ ప్రాజెక్టు, పీహెచ్‌డీ విద్యార్థుల కోసం ఇది. రీడింగ్ తేడా రాగానే చాలామంది పాలిమర్‌నే అనుమానించి కొత్త సీసా ఆర్డర్ పెడతారు. అంతకంటే ముందు నీళ్లను, ఉష్ణోగ్రతను పరీక్షించండి. శాఖలున్న అణువు ముడుచుకుని ఉంటుంది. అది ఎంత ఉబ్బుతుందన్నది తన లోపల పట్టి ఉంచుకునే నీళ్లే తేలుస్తాయి.

సమస్య: జనవరిలో తేటగా ఉన్న ద్రావణం మే నెలలో తెల్లగా మారింది.

మీది పాలీ ఎన్-ఐసోప్రొపైల్ ఎక్రిలమైడ్ రకమైతే కారణం ఎండే. ఆ పాలిమర్ సుమారు 32 డిగ్రీల దగ్గర తనను పట్టుకున్న నీళ్లను వదిలేసి గుంపు కడుతుంది. ఎండకాలం మధ్యాహ్నం మన దగ్గర 40 దాటుతుంది కదా, ఏసీ లేని గదిలో బల్ల మీదున్న సీసా ఆ హద్దు ఎప్పుడో దాటేస్తుంది. శాఖలున్న రకానికి కొనలు ఎక్కువ కాబట్టి, కొనల్లో ఏ గ్రూపులున్నాయన్నదాన్ని బట్టి ఈ హద్దు కొంచెం పైకో కిందికో జరుగుతుంది. ఉప్పు కలిపితే కిందికి దిగుతుంది.

సీసాను ఐస్ నీళ్లలో పెట్టి చూడండి. తేటబడితే ద్రావణం బాగానే ఉన్నట్టు, చల్లగా ఉంచి వాడుకోండి. తేటబడకపోతే బూజో దుమ్మో చేరి ఉంటుంది, పారబోసి కొత్తది కలపండి.

సమస్య: పలుచన చేసేకొద్దీ రెడ్యూస్డ్ విస్కాసిటీ (పాలిమర్ వల్ల స్నిగ్ధత ఎన్నో వంతు పెరిగిందో ఆ అంకెను గాఢతతో భాగిస్తే వచ్చేది) తగ్గాల్సింది పోయి పెరుగుతోంది.

పాలీఇథిలీన్‌ఇమైన్‌తో పనిచేసే ప్రతి బ్యాచ్‌కూ ఇది ఎదురవుతుంది. దాని ఎమైన్ గ్రూపులు (నైట్రోజన్ ఉన్న భాగాలు) నీళ్లలో ప్రోటాన్లు తీసుకుని ధనావేశం పొందుతాయి. ఆవేశాలు ఒకదాన్నొకటి నెట్టుకోవడంతో అణువు ఉబ్బుతుంది. మామూలు నీళ్లతో పలుచన చేస్తే ఆవేశాలను కప్పి ఉంచే అయాన్లు కూడా పలచబడతాయి, నెట్టుకోవడం ఇంకా పెరుగుతుంది. శాఖలున్న అణువు శాఖల్లేని గొలుసు అణువంత సాగలేదు గనుక ఈ పెరుగుదల చిన్నగా ఉండి, స్టాప్‌వాచ్ పొరపాటని కొట్టిపారేసే ప్రమాదం ఉంది. గాఢత మీద గీసిన గ్రాఫ్ ఎడమ కొసన పైకి వంగితే ఆ పాయింట్లను తీసేయకండి, అసలు సంగతి అక్కడే ఉంది.

పరిష్కారం ఉప్పు. 0.1 మోలార్ సోడియం క్లోరైడ్ ద్రావణంలో పాలిమర్‌ను కరిగించండి. పలుచన చేసేటప్పుడు కూడా అదే ఉప్పు ద్రావణం పోయాలి. ద్రావణి (పాలిమర్ కలపని ద్రవం) విస్కోమీటర్‌లోంచి దిగే ప్రవాహ సమయం కూడా ఆ ఉప్పు ద్రావణానిదే తీసుకోవాలి, డిస్టిల్డ్ వాటర్‌ది కాదు. చాలా నోటుబుక్కుల్లో తప్పు దొర్లేది ఇక్కడే. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కరిగితే శుద్ధమైన నీళ్ల పీహెచ్ కూడా 5.6 దాకా దిగుతుంది, దాంతో ఎమైన్ల మీద ఆవేశం మారుతుంది. నీళ్లను మరిగించి, మూత పెట్టి చల్లార్చి, అదే రోజు వాడండి. డిస్టిలేషన్ యూనిట్‌కు బోరు నీళ్లు పెడుతుంటే హీటర్ మీద సున్నం పేరుకుందేమో చూసి, వచ్చిన నీళ్ల కండక్టివిటీ రోజూ రాసిపెట్టండి.

సమస్య: ఉబ్బెలోడ్ విస్కోమీటర్‌లో (ద్రవం సన్నటి గాజు గొట్టంలోంచి దిగే టైమ్‌ను బట్టి స్నిగ్ధత కొలిచే పరికరం) ఒకే శాంపిల్‌కు పొద్దున ఒక టైమ్, మధ్యాహ్నం ఇంకో టైమ్.

నీటి స్నిగ్ధత 25 డిగ్రీల దగ్గర 0.890, 30 దగ్గర 0.797 మిల్లీపాస్కల్ సెకన్లు. అంటే ఒక్క డిగ్రీకి దాదాపు 2 శాతం తేడా. హీటర్ మాత్రమే ఉన్న వాటర్ బాత్ గదికంటే చల్లగా ఉండలేదు. 38 డిగ్రీల గదిలో డయల్ 25 మీద పెట్టినంత మాత్రాన 25 రాదు. బాత్‌లో రాగి కాయిల్ వేసి ఐస్ నీళ్లు తిప్పండి, లేదా పొద్దున్నే రీడింగులు ముగించండి. థర్మామీటర్ విస్కోమీటర్ బల్బు పక్కనే వేలాడాలి.

బాత్ బాగానే ఉండి టైమ్ మెల్లగా పెరుగుతూ పోతుంటే పాలిమర్ గాజుకు అంటుకుంటోంది. గాజు ఉపరితలం రుణావేశం, పాలీఇథిలీన్‌ఇమైన్ ధనావేశం. కడిగాక ఉట్టి నీళ్ల టైమ్ పాత అంకెకు రాకపోతే ఖాయం చేసుకుని, పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో రాత్రంతా నానబెట్టి కడగండి. స్టాక్ సొల్యూషన్‌ను ప్లాస్టిక్ సీసాలో ఉంచండి.

సమస్య: పాలీఇథిలీన్‌ఇమైన్ చల్లటి నీళ్లలో కరగడమే లేదు.

లేబుల్ చదవండి. శాఖలున్నది మామూలు ఉష్ణోగ్రతలో తేనెలాంటి చిక్కటి ద్రవం, చల్లటి నీళ్లలో కరుగుతుంది. పొడిగా ఉందంటే బహుశా శాఖల్లేనిది వచ్చింది, దానికి వేడి నీళ్లు కావాలి.

సమస్య: లైట్ స్కాటరింగ్‌లో (కాంతి చెదిరే తీరును బట్టి కణాల సైజు కొలిచే పరీక్ష) పెద్ద సైజు దగ్గర అక్కర్లేని పీక్.

దుమ్ము. చిన్న కణాల కాంతి విక్షేపణ వ్యాసం ఆరో ఘాతంతో పెరుగుతుంది, కాబట్టి కొద్దిపాటి ధూళి కూడా పాలిమర్‌ను కప్పేస్తుంది. 0.2 మైక్రాన్ ఫిల్టర్ వాడి, మొదటి మిల్లీలీటరు పారబోయండి.

సమస్య: జీపీసీ (అణువులను కాలమ్‌లో వేరుచేసి అణుభారం అంచనా వేసే పద్ధతి) ఇచ్చిన అణుభారం మరీ తక్కువ.

జిమ్, స్టాక్‌మేయర్ అనే శాస్త్రవేత్తలు 1949లోనే లెక్క కట్టి చూపించారు: అణుభారం ఒకటే అయినా శాఖలున్న అణువు గొలుసు అణువు కంటే చిన్నగా ఉంటుంది. కాలమ్ వేరుచేసేది సైజును బట్టి, బరువును బట్టి కాదు. గొలుసు స్టాండర్డ్‌లతో (అణుభారం ముందే తెలిసిన శాంపిళ్లతో) క్యాలిబ్రేట్ చేస్తే అంకె తక్కువే వస్తుంది. లైట్ స్కాటరింగ్ డిటెక్టర్ ఉన్న చోటికి శాంపిల్ పంపండి. వీలు కాకపోతే, ఏ స్టాండర్డ్‌తో పోల్చారో థీసిస్ పట్టికలో ఆ అంకె పక్కనే రాయండి.