ఆడపందికి వీర్యం ఎక్కించడం ఎలా? లోపల గర్భాశయం ఏం చేస్తుంది?

మహారాష్ట్రలోని సిరొంచ, రాజురా, బల్లార్షా పల్లెల్లో నాలుగైదు ఆడపందులున్న రైతుకు సొంత మగపందిని మేపడం భారమే. సీసాలో తెచ్చి గొట్టంతో ఎక్కించే వీర్యం ఆ ఖర్చు తప్పిస్తుంది. అయితే పంది చూడి కట్టక తిరిగి పొర్లితే, అంటే మళ్లీ ఎదకు వస్తే, చాలామంది ముందు వీర్యాన్నే అనుమానిస్తారు. వేసిన వేళ, చేతుల శుభ్రత ఎలా ఉన్నాయో కూడా చూడాలి. ఎందుకో తెలియాలంటే గర్భాశయంలో జరిగేది తెలియాలి.

మగపంది ఒక్క దాటుకు 150 నుంచి 500 మి.లీ. వీర్యం విడుస్తుంది. అందులో వీర్యకణాలు కొంచెమే, మిగతాదంతా వీర్య ద్రవం. వీర్యం లోపల పడిన కొన్ని గంటల్లోనే గర్భాశయంలోకి తెల్ల రక్తకణాలు పెద్ద ఎత్తున వచ్చి చేరతాయి. చచ్చిన వీర్యకణాలను, వెంట వచ్చిన సూక్ష్మక్రిములను అవే ఊడ్చేస్తాయి. అంటే కొంత వాపు రావడం రోగం కాదు, అవసరం. అది వేళకు తగ్గాలి, అంతే. అండాలు విడుదలైన రెండు రోజులకే పిండాలు గర్భాశయంలోకి దిగుతాయి. ఇల్లు శుభ్రం చేసే పని చుట్టాలు దిగేలోపే ముగియాలి కదా!

వీర్య ద్రవం ఇక్కడే అక్కరకొస్తుంది. అందులోని ప్రొటీన్లు తెల్ల రక్తకణాలు మంచి వీర్యకణాలను పట్టుకోకుండా కొంత అడ్డుకుంటాయి, వాపు త్వరగా చల్లారేలా చూస్తాయి. మగపంది వైపు నుంచి వచ్చే పరాయి గుణాలను తల్లి ఒళ్లు శత్రువుగా చూడకుండా గర్భాశయ పొరను సిద్ధం చేస్తాయి. సీసాలో పోషక ద్రావణం కలిపి పలచన చేస్తారు కాబట్టి ఈ ద్రవం బాగా తగ్గిపోతుంది. సహజంగా దాటినప్పుడు దొరికే ఆ రక్షణ కొంత తగ్గినట్టే. ఆ లోటును మన జాగ్రత్తతో పూడ్చుకోవాలి.

సీసా తేవడం

ఒక మోతాదు 80 నుంచి 100 మి.లీ. ఉంటుంది, అందులో 250 నుంచి 300 కోట్ల వీర్యకణాలుండాలి. 16–18 డిగ్రీల దగ్గరే ఉంచాలి. మంచుగడ్డకు తాకిస్తే చల్లదనానికి కణాల పొర చిట్లుతుంది, బండి డిక్కీలో పెడితే చంద్రపూర్ వేసవి గంటలో చంపేస్తుంది. థర్మాకోల్ పెట్టెలో మంచు ప్యాక్‌ను గుడ్డలో చుట్టి పెట్టండి, పక్కన థర్మామీటరు తప్పనిసరి. మామూలు ద్రావణంలో కలిపినదైతే మూడు రోజుల్లోపే వాడాలి. రోజుకు రెండుసార్లు సీసాను మెల్లగా తిప్పాలి, కుదపకూడదు. పరీక్షలు చేయించిన మగపంది వీర్యమే తీసుకోండి, స్వైన్ ఫీవర్ అనే పందుల అంటువ్యాధి వీర్యంతో కూడా వస్తుంది. మే ఎండ దెబ్బ తిన్న మగపంది వీర్యం జూన్ చివరిదాకా నాసిగా ఉండవచ్చు.

వేళ చూడడం

పిల్లలు పాలు మానిన 4–7 రోజులకు తల్లి ఎదకు వస్తుంది. మగపంది ఎదురుగా ఉండగా వీపు మీద చేతులతో నొక్కితే కదలకుండా చెవులు నిక్కించి నిలబడాలి. పొద్దున, సాయంత్రం రెండుసార్లు చూడండి. అలా నిలబడడం మొదలయ్యాక 12 గంటలకు ఒకసారి, మరో 12 గంటలకు ఇంకోసారి వేయండి. ఎద ముగిశాక, "పోనీ ఇంకోటి" అని వేయకండి. అప్పటికి ప్రొజెస్టరాన్ అనే హార్మోన్ పెరిగి గర్భాశయానికి క్రిములను ఊడ్చే శక్తి తగ్గిపోతుంది. అలా వేసిన సీసాతోనే చాలాసార్లు చీము పడుతుంది.

ఎక్కించడం

యోని పెదవులను పొడి కాగితంతో తుడవండి. లోపల డెట్టాల్, సబ్బునీళ్లు పోయవద్దు, వీర్యకణాలు చచ్చిపోతాయి. కొత్త క్యాథెటర్ (వీర్యం ఎక్కించే గొట్టం) కొనకు వీర్యకణాలకు హాని చేయని జెల్ రాసి, 45 డిగ్రీల వాలుగా పైకి దూర్చండి. నేరుగా తోస్తే మూత్రాశయం దారిలోకి పోతుంది. అడ్డు తగిలాక, స్క్రూ కొన అయితే ఎడమకు తిప్పండి, బిగుసుకుంటుంది. సీసా తగిలించి పైకెత్తి, నడుము మీద బరువు ఆనించండి. ముందు మగపంది ఉంటే గర్భాశయం దానంతట అదే పీల్చుకుంటుంది. 3 నుంచి 10 నిమిషాలు పడుతుంది. సీసా పిసకవద్దు. బయటికి కారుతుంటే సీసా దించి, క్యాథెటర్‌ను సరిచూసి మళ్లీ మొదలుపెట్టండి. అయిపోయాక కుడికి తిప్పుతూ తీయండి.

లోటు పూడ్చాలని ఇంట్లో పట్టిన వీర్య ద్రవాన్ని ముందుగా ఎక్కించాలనే ఆలోచన వద్దు. అలాంటి ప్రయోగాల ఫలితాలు ఒక్క తీరుగా లేవు, పైగా అపరిశుభ్ర ద్రవం క్రిములను లోపలికి తీసుకెళ్తుంది.

తర్వాత నెల రోజులు

పిండాలు ఉన్నాయని తల్లికి సంకేతం అందేది 11–12 రోజులప్పుడు. ఆ నెలంతా కొత్త పందులతో కలపడం, బండిలో తరలించడం, ఎండకు వదలడం మానండి. 18–24 రోజుల మధ్య మగపందిని చూపించి ఎద పరీక్ష చేయండి. నిలబడకపోతే చూడి కట్టిందనుకోవచ్చు, ఈత 114 రోజులకు. వీర్యం వేసిన మర్నాడు కొంచెం తెల్లటి కారుడు మామూలే. 14–21 రోజుల మధ్య చిక్కటి చీము కనిపిస్తే పశువైద్యుడికి చూపించండి. ఆయన ఇచ్చిన మందు పూర్తయ్యే దాకా ఆ పందికి మళ్లీ సీసా వేయవద్దు.