కోడిగుడ్డుతో షేడింగ్ సాధన

గీతలతో బొమ్మ వేయడం కొంత అలవాటైనవారు షేడింగ్ మొదలుపెట్టినప్పుడు సాధారణంగా గీత లోపలి భాగమంతటినీ ఒకే తీరుగా నలుపు చేస్తారు. దానివల్ల బొమ్మ నల్లబడుతుందే తప్ప గుండ్రదనం రాదు. వెలుతురు ఏ వైపు నుండి వస్తున్నదో, వస్తువు ఉపరితలం ఆ వెలుతురుకు ఎక్కడ ఎదురుగా ఉన్నదో, ఎక్కడ పక్కకు తిరుగుతున్నదో గమనించి, ఆ మలుపును లేత, ముదురు ఛాయలలో చూపడమే షేడింగ్. ఈ సాధనకు మనుషుల ముఖాలకన్నా తెల్లటి ఫారం కోడిగుడ్డు మేలు. దాని మీద వేరే రంగులు గాని మచ్చలు గాని ఉండవు కనుక కంటికి కనిపించేవన్నీ వెలుగునీడలే. ఉడికించి పెట్టుకుంటే దొర్లి కిందపడినా ఇబ్బంది లేదు.

హెచ్‌బి, 2బి, 4బి, 6బి పెన్సిళ్లు చాలు. 1795లో ఫ్రాన్సులో నికొలా-జాక్ కోంటే పేటెంటు పొందిన పద్ధతి ప్రకారం గ్రాఫైట్ పొడిలో బంకమన్ను కలిపి కాల్చి పెన్సిల్ ములుకు తయారుచేస్తారు. మన్ను ఎక్కువైతే ములుకు గట్టిపడి లేతగా రాస్తుంది, గ్రాఫైట్ ఎక్కువైతే మెత్తబడి ముదురుగా రాస్తుంది. హెచ్‌బి వీటిలో గట్టిది, బి ముందున్న అంకె పెరిగేకొద్దీ ములుకు మెత్తగా, నల్లగా ఉంటుంది. అందువల్ల హెచ్‌బిని ఎంత గట్టిగా నొక్కినా 6బి ఇచ్చే నలుపు రాదు, కాగితం మాత్రం నొక్కుకుపోయి మెరుస్తుంది. నున్నటి జిరాక్స్ కాగితానికి బదులు కాస్త గరుకుగా ఉండే డ్రాయింగ్ షీటు వాడాలి.

ముందుగా ఒక వరుసలో ఐదు గడులు గీసి, మొదటిదాన్ని తెల్లగా వదిలి, చివరిదాన్ని 6బితో వీలైనంత నల్లగా నింపి, ఆ తరువాతే మధ్య మూడింటిని క్రమంగా ముదిరేలా పూర్తిచేయాలి. ఇది విసుగు పుట్టించే పనే అయినా మానకూడదు. కొత్తవారి బొమ్మలు వెలవెలబోవడానికి ముఖ్యకారణం చివరి గడి నలుపును బొమ్మలో వాడడానికి జంకడమే.

ఇక గుడ్డును తెల్లకాగితం మీద ఉంచి, గదిలోని ట్యూబులైట్లు ఆర్పి, ఎడమవైపు కొంచెం ఎత్తులో ఒక్క టేబుల్ లైటు మాత్రమే వెలిగించాలి. రెండు దీపాలుంటే నీడలు రెండై కొత్తవారిని తికమకపెడతాయి. కళ్లు సగం మూసి చూస్తే చిన్న వివరాలు పోయి, పెద్ద ఛాయలు మాత్రమే మిగులుతాయి. లైటుకు నేరుగా ఎదురైనచోటు అన్నిటికన్నా తెల్లగా ఉంటుంది. అక్కడి నుండి కుడివైపుకు ఛాయ మెల్లగా ముదురుతుంది. అయితే గుడ్డు మీద అత్యంత ముదురైన పట్టీ అంచున కాక, అంచుకు కాస్త లోపలే ఉంటుంది. కింది కాగితం నుండి తిరిగివచ్చే వెలుతురు అంచును కొద్దిగా లేతగా చేయడమే ఇందుకు కారణం. ఈ తిరుగు వెలుతురును చూసిన ఉత్సాహంలో చాలామంది దాన్ని తెల్లగా వదిలేస్తారు. అది నీడవైపు భాగమే కనుక వెలుగువైపున ఉన్న ఏ ఛాయకన్నా ముదురుగానే ఉండాలి. గుడ్డు నుండి కాగితం మీద పడిన నీడ, గుడ్డు ఆనినచోట దాదాపు నల్లగా, స్పష్టమైన అంచుతో ఉండి, దూరం పోయేకొద్దీ పలచబడి, అంచు చెదిరిపోతుంది.

గుడ్డు ఆకారాన్ని చాలా లేతగా గీసుకుని, పెన్సిల్‌ను వాలుగా పట్టుకుని, హెచ్‌బితో పలుచని పొర వేసి, దాని మీద 2బి, 4బి పొరలు క్రమంగా పెంచాలి. గీతలు గుడ్డు వంపును అనుసరిస్తే గుండ్రదనం త్వరగా వస్తుంది. 6బిని గుడ్డు కింది నీడకు మాత్రమే దాచుకోవడం మంచిది. వెలుగువైపు అంచును గీతతో బిగించకుండా, వెనుక నేపథ్యానికి కొద్దిగా ఛాయ వేస్తే అంచు దానంతటదే తేలుతుంది. వేలితో రుద్దడం మాత్రం వద్దు. చర్మంలోని జిడ్డు అంటుకున్నచోట మరకలు పడతాయి, అవి రబ్బరుకు లొంగవు. చేతి కింద వేరే కాగితం పెట్టుకుంటే వేసిన ఛాయలు చెదరవు.

లైటును కుడివైపుకు, ఆ తరువాత వెనుకకు జరిపి అదే గుడ్డును మళ్లీ వేసి చూడాలి. ఆపైన వంకాయను తీసుకోవచ్చు. దానికి సొంతంగా ముదురు రంగు, నిగనిగ ఉన్నాయి కాబట్టి మెరుపు చిన్నగా, పదునుగా ఉండి, మిగిలినదంతా ముదురు ఛాయల్లోనే నడుస్తుంది. స్టీలు చెంబు గది మొత్తాన్నీ తనలో చూపిస్తుంది కనుక దాన్ని కొన్నాళ్లు పక్కన పెట్టడమే మంచిది.