తొలి శరత్తులో సరస్సు బాస్ – నాలుగవ పాఠం: నిలిచిన గుండు, వణికే ఎర

గత పాఠంతో కర్ర, రీలు, దారం సిద్ధమయ్యాయి. ఈ పాఠంలో డ్రాప్ షాట్ అనే కట్టును కట్టడం, దానిని నీటిలో ఆడించడం నేర్చుకుందాం. సన్నని దారం, చిన్న ఎరతో సాగే సున్నితపు పద్ధతులు మరికొన్ని ఉండగా దీనినే ముందు పెట్టడానికి కారణం సరస్సులోనే ఉంది. తొలి శరత్తులో బాస్ అనే వేటచేప నిలిచే లోతు రోజురోజుకూ మారుతుంది కాబట్టి, నేలకు ఎంత ఎత్తున కావాలంటే అంత ఎత్తున ఎరను నిలిపి ఉంచగల కట్టు మనకు కావాలి.

వేసవిలో లోతైన సరస్సు నీరు పొరలుగా విడిపోతుంది. వెచ్చని తేలికైన నీరు పైన, చల్లని బరువైన నీరు అడుగున ఉంటాయి. ఆ రెండింటి మధ్య ఉష్ణోగ్రత చప్పున పడిపోయే సన్నని పొర ఒకటి ఉంటుంది. అడుగు పొరలో ప్రాణవాయువు తరచుగా తరిగిపోవడం వల్ల బాస్ ఆ మధ్య పొరకు పైనే మసలుతుంది. రాత్రులు చల్లబడే కొద్దీ పైనీరు బరువెక్కి కిందికి దిగి, మధ్య పొరను కొంచెం కొంచెంగా లోతుకు నెడుతుంది. ఆ రోజుల్లో చిరుచేపల గుంపులు అఖాతాల వైపు, వాగులు కలిసే మూలల వైపు కదులుతాయి. బాస్ వాటి వెంట పడుతుంది. శరత్తు రాగానే బాస్ అంతా ఒడ్డుకు చేరుతుందని చాలామంది చెబుతారు, కానీ అది సగం నిజమే. తెల్లవారుజామున ఒడ్డున వేటాడిన చేపే ఎండ ఎక్కాక నాచు వెలుపలి అంచుకో, నీటిలోకి చొచ్చుకుపోయిన మిట్ట కొసకో జారి, మూడు నుంచి ఎనిమిది మీటర్ల లోతున నిలిచి ఉండవచ్చు. మన గాలం వెళ్లవలసింది అక్కడికే.

ఈ కట్టులో గుండు, అంటే దారాన్ని అడుగుకు దించే బరువు, దారం చివరన ఉంటుంది, గాలం దానికి పైన ఉంటుంది. గుండు నేలను పట్టుకుంటే ఎర నీటి మధ్యలో నిలుస్తుంది. 1925లో అమెరికా నుంచి తెచ్చి జపాన్‌లోని ఆషీ సరస్సులో వదిలిన బాస్ క్రమంగా ఆ దేశమంతా వ్యాపించింది. గాలాల తాకిడికి చేపలు జంకడం నేర్చిన అక్కడి సరస్సులలోనే ఈ కట్టు బాగా పదును తేలింది. జంకే చేప ముందు ఎరను పరుగెత్తించడం కంటే ఆపి ఉంచడం మేలని ఈ కట్టుతో తెలిసివస్తుంది.

ఆరు లేదా ఎనిమిది పౌండ్ల బరువును తట్టుకునే ఫ్లోరోకార్బన్ (ఒక రకం ప్లాస్టిక్) దారం, 1 లేదా 2 సంఖ్య గాలం, 7 గ్రాముల గుండు తీసుకోండి. గాలం సంఖ్య పెరిగే కొద్దీ పరిమాణం తగ్గుతుందని మరవకండి. దారాన్ని రెండు పేటలుగా మడిచి గాలం కంటిలోంచి దూర్చి, ఆ రెండు పేటలతో వదులుగా ఒక సాధారణ ముడి వేయండి. మిగిలిన ఉచ్చులోంచి గాలాన్ని మొత్తంగా దాటించి, ముడిని ఉమ్మితో తడిపి బిగించండి. తడపకుండా లాగితే రాపిడికి వేడెక్కి దారం అక్కడే బలహీనపడుతుంది. బరువైన చేప తగిలిన రోజున తెగేది అక్కడే. చివర అరమీటరు కొసను కోయకుండా వదలాలి. ఇప్పుడు గాలం మొన పైకి ఉండేలా పట్టుకుని, ఆ కొసను కంటిలోంచి పైనుంచి కిందికి మరొకసారి దూర్చండి. కొసను లాగగానే గాలం దారానికి అడ్డంగా, మొన పైకి చూస్తూ నిలబడాలి. నిలబడక వేలాడిందంటే కొస తప్పు వైపు నుంచి దూరినట్టే. గాలానికి ముప్ఫై సెంటీమీటర్ల కింద గుండును తగిలించి, ఎనిమిది సెంటీమీటర్ల మెత్తని ప్లాస్టిక్ ఎర ముక్కు కొసను మాత్రమే గాలానికి గుచ్చండి. ఆ ఏడు పుట్టిన చిరుచేపలు ఈ రుతువుకు ఇంచుమించు ఆ పొడవుకు ఎదిగి ఉంటాయి కనుక అంతకంటే పెద్ద ఎర అక్కరలేదు.

గాలం విసిరాక గుండు అడుగుకు తగిలేవరకు దారాన్ని వదులుతూ ఉండండి. తగలగానే దారం వదులవుతుంది. అప్పుడు రీలు తిప్పి, దారం బిగుసుకోబోయే క్షణం దగ్గర ఆపండి. చేయి మొదటిసారి తప్పేది ఇక్కడే: కర్రను ఊపితే గుండు కూడా కదిలి, ఎర నేల మీద ఈడ్చుకుపోతుంది. ఊపవలసింది కర్రను కాదు, ఆ కాస్త వదులును మాత్రమే. కర్ర కొసను రెండు మూడు సెంటీమీటర్ల మేర వణికించి, ఐదు సెకన్లు ఆపి, మళ్లీ వణికించండి. ఆ ఐదు సెకన్లు ఆగడం కష్టంగా ఉంటుంది. నేనైతే తొలి రోజుల్లో మూడు దాకా లెక్కపెట్టి లాగేసేవాణ్ణి. ఎర ఆగి ఉన్నప్పుడే బాస్ ఎక్కువగా దానిని నోట పట్టుకుంటుంది.

చేప పట్టిందని తెలిపేది ప్రతిసారీ గట్టి కుదుపు కాదు. ఒక్కోసారి దారం పక్కకు జరుగుతుంది, ఒక్కోసారి కొసలో తడిగుడ్డ తగులుకున్నట్టు బరువు తెలుస్తుంది. అప్పుడు ఎగిరి లాగకండి. సన్నని గాలానికి, సన్నని దారానికి అంత బలం అనవసరం. రీలు తిప్పుతూ కర్రను నింపాదిగా పైకెత్తితే మొన దానంతట అదే దిగుతుంది. పది మీటర్లకు మించిన లోతు నుంచి చేపను లాగితే దాని గాలితిత్తి ఉబ్బి, వదిలిపెట్టినా తిరిగి కిందికి దిగలేకపోవచ్చు. వదిలేద్దామనుకునేవారు అంత లోతున గాలం వేయకపోవడమే మంచిది.

వచ్చే పాఠానికి ముందు ఒక అభ్యాసం చేయండి. అడుగు కనిపించేంత తేటనీటిలో, మోకాలి లోతున, కర్ర పొడవంత దూరంలో కట్టును దించి, గుండు చుట్టూ ఉన్న మట్టిని చూస్తూ కొసను వణికించండి. మట్టి లేచిందంటే గుండు కదిలినట్టే. మట్టి లేవకుండా ఎర తోక మాత్రమే అల్లాడేలా వరుసగా ఇరవైసార్లు చేయగలిగినప్పుడు లోతుకు వెళ్లండి.