జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్: బేసిక్‌లో పలికే కీలు ఆటలో పలకకపోతే

సమస్య

1980ల నాటి ఇంటి కంప్యూటర్ జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్‌లో టేప్ నుంచి ఆట చక్కగా లోడవుతుంది, బొమ్మ వస్తుంది, శబ్దం వస్తుంది, కానీ ఏ కీ నొక్కినా చలనం ఉండదు. లేదా దీనికి పూర్తిగా విరుద్ధంగా, ఎవరూ ఏమీ నొక్కకుండానే మొదటి తెర దానంతటదే దాటిపోయి, బొమ్మ ఒకే వైపు పరుగెడుతూ గోడకు అతుక్కుపోతుంది. పాత పత్రికల్లోని లిస్టింగులను చూసి టైపు చేసుకున్న ప్రోగ్రాముల్లోనూ ఈ రెండు రకాల ఫిర్యాదులూ ఎదురవుతాయి.

మెంబ్రేన్ జోలికి వెళ్లే ముందు

ఈ లక్షణం కనిపించగానే చాలామంది పెట్టె విప్పి కొత్త కీబోర్డు మెంబ్రేన్ (కీల కింద ఉండే పల్చటి ప్లాస్టిక్ పొర) వేస్తారు. పాత మెంబ్రేన్ తోక, అంటే బోర్డుకు తగిలించే పట్టీ, పెళుసుబారి ఉంటుంది కనుక, అవసరం లేకుండా దాన్ని కదిపితే అప్పటిదాకా బాగున్నది కూడా విరుగుతుంది. దయచేసి ముందు ఆటను పక్కన పెట్టి, బేసిక్‌లో (యంత్రంలోనే ఉండే ప్రోగ్రామింగ్ భాషలో) 40 కీలనూ ఒక్కొక్కటిగా నొక్కి చూడండి. పక్కపక్కనే ఉన్న అయిదు కీలు కలిసికట్టుగా పనిచేయకపోతే లోపం మెంబ్రేన్ తోకలోనో, ఆ వరుసకు సంబంధించిన డయోడ్‌లోనో ఉంటుంది. అన్నీ పలికితే మాత్రం మెంబ్రేన్‌లో ఏ దోషమూ లేదు, దాన్ని మార్చి ప్రయోజనమూ లేదు.

అసలు కారణం

1982 ఏప్రిల్‌లో బ్రిటన్‌లో విడుదలైన స్పెక్ట్రమ్ బోర్డు ఇష్యూ 1, ఇష్యూ 2, ఇష్యూ 3 అనే రూపాలుగా మారుతూ వచ్చింది. వీటన్నిటిలోనూ ఉన్నది ఒకే 16కె రోమ్ (బేసిక్, మూల ప్రోగ్రాములు ఉండే చెరగని మెమరీ). రోమ్ ఒకటే కాబట్టి యంత్రాలన్నీ ఒకటేనని అనుకోవడం దగ్గరే పొరపాటు మొదలవుతుంది.

కీబోర్డును పోర్ట్ 254 (ప్రోగ్రాము బయటి పరికరాలతో మాట్లాడే ద్వారం) ద్వారా చదువుతారు. వచ్చే ఎనిమిది బిట్లలో 0 నుంచి 4 వరకు ఉన్న అయిదు మాత్రమే కీలవి, నొక్కిన కీకి సంబంధించిన బిట్ 0 అవుతుంది. 6వ బిట్ టేప్ ఇన్‌పుట్‌ది. టేప్ సంకేతం ఏదీ లేనప్పుడు ఆ బిట్ విలువ, అదే పోర్టుకు మనం చివరిసారి పంపిన సంఖ్య మీద ఆధారపడుతుంది. ఇష్యూ 2లో 3వ బిట్ గాని 4వ బిట్ గాని 1గా పంపితే అది 1గా తిరిగి వస్తుంది, ఇష్యూ 3లో 4వ బిట్ 1 అయితేనే వస్తుంది. ఈ తేడాకు మూలం చాలా చిన్నది: 3వ బిట్ ఒక్కటే 1గా ఉన్నప్పుడు ఆ పిన్ను వద్ద ఇష్యూ 2లో 0.73 వోల్టులు, ఇష్యూ 3లో 0.66 వోల్టులు ఉంటాయి, 0ను 1 నుంచి వేరుచేసే గీత 0.70 దగ్గర ఉంది.

ఫలితంగా, ఏ కీ నొక్కనప్పుడు ఇష్యూ 2లో 255 చూసి రాసిన ప్రోగ్రాముకు ఇష్యూ 3లో, 6వ బిట్ విలువైన 64 తగ్గి, 191 అందుతుంది. "255 కాకపోతే ఏదో కీ నొక్కారు" అని రాసినచోట కీ ఎప్పుడూ నొక్కి ఉన్నట్టే తోస్తుంది. "254 అయితే పీ కీ నొక్కారు" అని రాసినచోట 190 వస్తుంది కాబట్టి పీ ఎన్నటికీ అందదు. పైకి ఒకదానికొకటి సంబంధం లేనట్టున్న రెండు లక్షణాలకూ మూలం ఇదే. బేసిక్‌లో టైపు చేస్తే కీలన్నీ పలకడానికి కారణం, రోమ్ తన కీబోర్డు రొటీన్‌లో పై మూడు (5, 6, 7) బిట్లనూ తానే తీసివేయడం.

మనుషులను ఎక్కువగా తికమక పెట్టే విషయం మరొకటుంది. తెర అంచు రంగు మార్చే బోర్డర్ ఆదేశం 3, 4 బిట్లు రెండింటినీ 0 చేస్తుంది కాబట్టి, దాని తర్వాత చదివితే ఇష్యూ 2 కూడా 191 ఇస్తుంది. అందుకే ఒకే యంత్రంలో, ఒకే ప్రోగ్రాము ఒక వరుస చేర్చగానే చెడిపోయినట్టు కనిపిస్తుంది.

నిర్ధారణ

టేప్ తీగ పీకివేసి, అవుట్ 254,15 : ప్రింట్ ఇన్ 57342 అని ఒకే వరుసలో ఇవ్వండి (57342 అంటే అదే పోర్టులో పీ కీ ఉన్న వరుసను చదవడం). 255 వస్తే ఇష్యూ 2, 191 వస్తే ఇష్యూ 3 తరహా బోర్డు. రెండు ఆదేశాలనూ విడివిడిగా ఇవ్వకూడదు, మధ్యలో కీ నొక్కిన చప్పుడు కోసం రోమ్ అదే పోర్టుకు మళ్లీ రాస్తుంది. పెట్టె విప్పి ఉంటే బోర్డు మీద ఇష్యూ సంఖ్య అచ్చువేసి ఉంటుంది. పైపెట్టెను మాత్రం నమ్మకండి: పాత బోర్డును 1984 నాటి స్పెక్ట్రమ్ ప్లస్ పెట్టెలోకి మార్చుకునే కిట్లు అప్పట్లో అమ్మారు.

పరిష్కారం

బేసిక్ ప్రోగ్రామైతే చదివిన విలువను నేరుగా పోల్చకుండా, లెట్ ఎ = ఇన్ 57342, ఆపై లెట్ ఎ = ఎ − 32 * ఇంట్ (ఎ / 32) అని రాయండి. ఏ బోర్డులోనైనా కీ లేనప్పుడు 31, పీ ఒక్కటే నొక్కితే 30 వస్తాయి. ఈ బేసిక్‌లోని యాండ్ బిట్ల మీద పనిచేయదు, కనుక భాగహారమే దారి.

మెషిన్ కోడ్ ఆటలో 219, 254, 254, 255 అనే నాలుగు బైట్ల వరుస కోసం వెతకండి. అది పోర్టును చదివి 255తో పోల్చడం. ఆ నాలుగింటి స్థానంలో 205, 0, 91, 0 ఉంచి, చిరునామా 23296 నుంచి 219, 254, 246, 224, 254, 255, 201 రాయండి. పై మూడు బిట్లనూ 1 చేశాకే పోలిక జరుగుతుంది కాబట్టి మిగతా కోడ్ మార్చనవసరం లేదు. 23296 ప్రింటర్ బఫర్ (ప్రింటర్ కోసం కేటాయించిన మెమరీ), ఆట దాన్ని వాడుకోవడం లేదని ముందు చూసుకోండి. స్పెక్ట్రమ్ 128 మీద 128 బేసిక్‌లో ఉంటే ఆ చోటును వ్యవస్థే వాడుకుంటుంది కనుక 48 బేసిక్‌లోకి మారాకే ఈ పని చేయాలి. ఎమ్యులేటర్‌లో (పాత యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రాములో) ఆడేవారు "ఇష్యూ 2 కీబోర్డ్" అన్న ఎంపికను ఆన్ చేస్తే సరిపోతుంది.

మిగిలినవి

లోడింగ్ ముగిశాక కూడా టేప్ తిరుగుతూ ఉంటే 6వ బిట్ ఊగిసలాడుతుంది, టేప్ ఆపేయండి. కెంప్‌స్టన్ జాయ్‌స్టిక్ లేకుండా దాన్ని ఎంచుకున్నా బొమ్మ తనంతట తానే కదులుతుంది, మెనూలో కీబోర్డ్ ఎంచుకోండి. ప్లస్ 2ఎ, ప్లస్ 3 మీద కొన్ని ఆటలు పూర్తిగా స్తంభించిపోవడం వేరే సంగతి, వాటిలో పాత యంత్రాల ఫ్లోటింగ్ బస్ (ఏమీ తగిలించని పోర్టును చదివితే తెర డేటా కనిపించే గుణం) లేదు. కీబోర్డు, టేప్, తెరలను నడిపే యూఎల్ఏ చిప్‌ను పైవన్నీ చూశాకే అనుమానించండి.